గుడారమైనా సరే, ఆలుమగలను విడదీయకండి

ఇల్లు లేనివారి కోసం నగరపాలక సంస్థలే గుడారాలు వేసి శిబిరాలు నడపడం సరైనదేనా అని అడిగారు. విజయనగరంలో పుట్టి పెరిగిన నేను సరైనదేనంటాను, కాని ఆలుమగలను విడదీయని శిబిరమైతేనే. ఈ షరతు ఒక ధనుర్మాసపు రాత్రి నా మనసులో పడింది.

ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మూసి ఉన్న దుకాణం అరుగు మీద, మంచుకు చెమ్మగిల్లిన బొంత కప్పుకొని ఒక వృద్ధ దంపతులు వణుకుతూ కనిపించారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఒకప్పుడు ఈ ఊళ్లోనే రిక్షా తొక్కిన ఆ తాత, అద్దె కట్టలేక గది ఖాళీ చేసి, సత్తు గిన్నెలున్న గోనెసంచితో నెలరోజులుగా అక్కడే ఉంటున్నాడు. ఇద్దరినీ ఆటో ఎక్కించుకొని ఒక ఆశ్రయ కేంద్రానికి తీసుకువెళ్లాను. కాపలాదారు మొదట ఆధార్ కార్డు అడిగాడు. అది వానలో పాడైపోయిందని బతిమాలితే ఒప్పుకొన్నాడు గాని, ఇక్కడ మగవారికే చోటుందని, ముసలమ్మను వేరేచోటికి తీసుకువెళ్లాలని, సంచి లోపలికి తేకూడదని అన్నాడు. తాత నా వైపు తిరిగి, "ఈ ముసల్దాన్ని ఒదిలీసి నాను లోపలెలగ పడుకుంతాను బాబూ?" అని సంచి భుజాన వేసుకొని మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఆ అరుగు మీదికే చేరారు. ఇంటి నుంచి రెండు రగ్గులు తెచ్చి కప్పగలిగాను, అంతే.

నిలువ నీడ లేని మనిషిని కార్డు చూపమనడం ఎంత అన్యాయం! పట్టణ పేదల కోసం కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి ఆశ్రయం ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగులు ఇవ్వాలని, కుటుంబాలకు వేరుగా ఆశ్రయాలు ఏర్పరచవచ్చని చెప్పాయి. 2011 జనాభా లెక్కలకే రెండు లక్షలు దాటిన ఊరు మాది, అంటే కనీసం రెండు వందల మందికి చోటుండాలి.

గుడారాలైతే చవక అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. కరోనా కాలంలో, 2020లో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నడిపిన గుడారాల శిబిరాల్లో ఒక్కో గుడారానికి ఏడాదికి దాదాపు 61,000 డాలర్లు ఖర్చవుతున్నట్లు మరుసటి ఏడాది వార్తలు వచ్చాయి. కాపలా, మరుగుదొడ్లు, భోజనం కలిస్తే ఖర్చు అలాగే పెరుగుతుంది, పెట్టవలసిందే. ఉత్తరాంధ్ర నుంచి హైదరాబాదుకూ విజయవాడకూ కూలికి వలస వెళ్లి కాలిబాటల మీద పడుకునే మనవారిని తలచుకుంటే ఆ ఖర్చు నాకు దండుగగా తోచదు.

ఊరి చివర బీడులో వేస్తే మాత్రం ఎవరూ రారు. ఆ తాత తెల్లవారకముందే టీకొట్లకు నీళ్లు మోసి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాడు కనుక, శిబిరం కాంప్లెక్సుకు నడిచివెళ్లే దూరంలో ఉండాలి, గోనెసంచి దాచుకోవడానికి తాళం వేసే పెట్టె ఉండాలి, ఇద్దరూ ఒకే గుడారంలో పడుకోగలగాలి. అటువంటిది తెరిచిన రోజున వాళ్లిద్దరినీ వెతికి, మళ్లీ ఆటో ఎక్కించి తీసుకువస్తాను.