కిట్ లెన్స్, చేతిలో 15 వేలు: సినిమా లుక్ కోసం ముందు ఏం కొనాలి?

డిగ్రీ చదువుతున్నానన్నావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తున్నా. నీ దగ్గర సోనీ జెడ్‌వీ-ఈ10, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్స్, చేతిలో 15 వేలు ఉన్నాయి. షార్ట్ ఫిల్మ్ సగం ఓర్వకల్లు రాళ్ళ దగ్గర, సగం కర్నూలు పాతబస్తీలో మీ అవ్వ వాళ్ళింట్లో. జింబల్ (కెమెరా ఊగకుండా పట్టే మోటారు పిడి) కొనాలా, లెన్స్ కొనాలా అని అడిగావు. రెండూ ఇప్పుడొద్దు. ముందు ఎన్డీ ఫిల్టర్ కొను, అంటే లెన్స్ ముందు బిగించి వెలుతురు తగ్గించే నల్లటి గాజు.

నేను కర్నూల్లో పెళ్ళి వీడియోలు తీస్తా, సీజన్ లేనప్పుడు షార్ట్ ఫిల్ములకు కెమెరా చేస్తా. చిన్న కెమెరాతో తీసింది సినిమాలా కాకుండా వట్టి వీడియోలా కనబడడానికి మన సీమలో మొదటి కారణం ఎండే. సినిమాలో కదలిక మెత్తగా కనిపించేది సెకనుకు 24 లేదా 25 ఫ్రేములు, షటర్, అంటే ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/50 వంతు దగ్గర ఉండడం వల్ల. ఓర్వకల్లులో నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే చురుకు) 100, షటర్ 1/50 పెట్టి చూడు. అపెర్చర్, అంటే లెన్స్ లోపలి కన్నం, ఎఫ్/22 దాకా మూయాల్సి వస్తుంది (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ కన్నం చిన్నదవుతుంది). కిట్ లెన్స్‌ను అంత మూస్తే బొమ్మలో పదును పోతుంది, మనిషికీ వెనక రాళ్ళకూ మధ్య లోతు అసలే ఉండదు. ఆటోలో వదిలేస్తే కెమెరా షటర్‌ను 1/1000 పైకి తోసేస్తుంది, నడిచే మనిషి కాళ్ళూ చేతులూ తునకలు తునకలుగా కదులుతాయి. నీ క్లిప్పులన్నీ న్యూస్ ఫుటేజ్‌లా ఉన్నాయని రాశావే, అది ఇదే అనుకుంటా.

ఎఫ్/22 నుంచి ఎఫ్/4కు రావాలంటే ఐదు స్టాపుల వెలుతురు కోయాలి. ఒక స్టాపు అంటే వెలుతురు సగం కావడం, ఐదు సార్లు సగం చేస్తే 32వ వంతు, అంటే ఎన్డీ 32. అందుకే తిప్పితే 2 నుంచి 32 వరకు మారే వేరియబుల్ ఎన్డీ నీకు సరిపోతుంది. 400 దాకా పోయే రకం జోలికి పోవద్దు, చివరికి తిప్పితే ఫ్రేములో నల్లటి ఇంటూ మార్కు పడుతుంది. కిట్ లెన్స్ మూతి 40.5 మి.మీ. కానీ ఫిల్టర్ 67 సైజులో తీసుకుని మధ్యలో చిన్న మూతికి పెద్ద ఫిల్టర్ పట్టించే స్టెప్-అప్ రింగు పెట్టుకో, రేపు పెద్ద లెన్స్ వచ్చినా అదే పనికొస్తుంది.

కెమెరా మెనూలో వీడియో పద్ధతి పాల్ (25, 50 ఫ్రేములది) ఉందో ఎన్‌టీఎస్‌సీ (24, 30, 60 ఫ్రేములది) ఉందో చూసుకో. పాల్ పెట్టి 4కే 25పీలో తీయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, బల్బు వెలుగు సెకనుకు వంద సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 1/50 షటర్‌లో సరిగ్గా రెండు విడతలు పడతాయి, 1/60 పెడితే గోడ మీద చారలు పాకుతాయి. ఒకటి గుర్తుపెట్టుకో: ఆ సెట్టింగ్ మార్చాక కార్డు మళ్ళీ ఫార్మాట్ చేయమని అడుగుతుంది, ఉన్న ఫుటేజ్ ముందే కాపీ చేసుకో.

ఎస్-లాగ్ (బొమ్మను చప్పగా రికార్డు చేసి రంగులు తర్వాత కంప్యూటర్లో తెచ్చుకునే పద్ధతి) గురించి అందరూ ఊదరగొడతారు. నీ కెమెరా 8 బిట్, ఒక్కో రంగుకు 256 మెట్లే. లాగ్‌లో తీసి తర్వాత సాగదీస్తే నీలాకాశం పొరలు పొరలుగా విడిపోతుంది. పైగా ఐఎస్ఓ 500 కంటే కిందికి రాదు, అంటే ఇంకో రెండు స్టాపుల పైన వెలుతురు కోయాలి. మెనూలో పిక్చర్ ప్రొఫైల్ 6లో సినీ 2 అనే సిద్ధంగా ఉన్న లుక్ ఉంటుంది, అది చాలు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో మాత్రం ఉంచొద్దు, షాట్ మధ్యలోనే ముఖం రంగు మారిపోతుంది. గ్రేడింగ్‌కు, అంటే తర్వాత రంగులు దిద్దడానికి, ఉచిత డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.

ఇక అసలు సంగతి లైటు. మీ అవ్వ వాళ్ళింట్లో ట్యూబ్‌లైట్ ఆపేయి. ఒక్క కిటికీ ఉంచి మిగతావి మూసేయి. ఆర్టిస్టును కిటికీకి మూడడుగుల దూరంలో పక్కకు తిప్పి కూర్చోబెట్టి, కెమెరా నీడ వైపు నుంచి పెట్టు. సున్నం గోడలు కదా, వెలుగు తిరిగొచ్చి నీడను తినేస్తుంది. అప్పుడు కెమెరా వైపు, ముఖానికి దగ్గరగా నల్ల కంబళి ఒకటి వేలాడదీయి, గొర్రెల కాపరులు కప్పుకునేదే. చెంప మీద నీడ చిక్కబడడం మానిటర్‌లో నీ కళ్ళ ముందే కనిపిస్తుంది. నాకు ఈ పనిలో ఇప్పటికీ ఎక్కువ సంతోషమిచ్చేది ఆ క్షణమే. వేలు పోసి కొన్న లైటు కూడా చాలాసార్లు ఇంత పని చేయదు.

ఓర్వకల్లులో పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయి. సూర్యుణ్ణి ఆర్టిస్టు వీపు వైపు ఉంచి, ముందు నుంచి థర్మాకోల్ షీటుతో వెలుగు కొట్టు. అక్కడ గాలికి షీటు ఆగదు, పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాల్సిందే. మధ్యాహ్నం తప్పకపోతే బండల సందులో నీడలోకి దూరండి. ఎదురు బండ మీద పడ్డ ఎండే మెత్తటి వెలుగవుతుంది.

జింబల్ ఎందుకొద్దంటున్నానంటే, ఈ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ లేదు నిజమే, కానీ కొత్తగా తీసేవాళ్ళు జింబల్ చేతికొస్తే ప్రతి షాటూ కదిలిస్తారు. గట్టి ట్రైపాడ్ మీద పెట్టి మనిషిని ఫ్రేములో కదలనివ్వు. కెమెరాను వేగంగా పక్కకు తిప్పితే (పాన్ చేస్తే) స్తంభాలు, గోడలు ఒరిగిపోతాయి కూడా.

లెన్స్ కొనే బదులు అద్దెకు తీసుకో. ఆషాఢంలో, మూఢంలో మా పెళ్ళిళ్ళ స్టూడియోల లెన్సులన్నీ బీరువాల్లోనే ఉంటాయి, బేరం ఆడితే తగ్గుతారు. సిగ్మా 30 ఎఫ్/1.4 లెన్స్ దొరికితే ఇంటి సీన్లకు మంచిది, అయితే 1.4లో తీయొద్దు, కళ్ళలో ఒకటి ఫోకస్‌లో ఉండి ఇంకోటి పోతుంది. 2.8 చాలు.

కొండారెడ్డి బురుజు దగ్గర కూడా ఒక షాట్ అన్నావు. అది పురావస్తు శాఖ కట్టడం, ట్రైపాడ్ దించే ముందే అనుమతి అడుగు. ఓర్వకల్లులో డ్రోన్ ఆలోచనుంటే, 2021 నుంచి పక్కనే విమానాశ్రయం నడుస్తోంది, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఎగరేయొద్దు.

మిగిలిన డబ్బు కాలర్ మైకుకు పెట్టు. ఇంటి కిటికీ ఏ దిక్కుకుందో కింద రాయి, ఏ సీను ఏ టైముకు పెట్టుకోవాలో చెప్తా.