బాలింత దిగులు ఈ కాలపు జబ్బేనా?

ప్రశ్న: మా అమ్మాయికి తొలి కాన్పు మా ఇంట్లోనే అయింది. పాప పుట్టి రెండు నెలలు దాటింది. పాలిస్తుంది కానీ పాపను ముద్దు చేయదు. పాప పడుకున్నా తనకు నిద్ర పట్టదు. స్నానాల గదిలోకి వెళ్లి ఏడుస్తోంది. డాక్టరమ్మ డిప్రెషన్ అని మందులు రాశారు. మా వియ్యపురాలేమో ‘మేం నలుగురేసి పిల్లల్ని కన్నాం, మాకెవరికీ లేని జబ్బు, ఇవన్నీ ఫోన్లో చూసి నేర్చుకున్న వేషాలు’ అంటున్నారు. ఐదో నెల రాగానే పంపమని ఒకటే టెన్షన్ పెడుతున్నారు. ఇది నిజంగా కొత్త జబ్బా డాక్టరు గారూ?
- ఒక తల్లి, తణుకు

జవాబు: కొత్తదేం కాదమ్మా. మా మేనత్తకు రెండో కాన్పయ్యాక చాలా నెలలు ఆవిణ్ని ఒంటరిగా బావి దగ్గరికి వెళ్లనిచ్చేవారు కాదు. మా నాయనమ్మ వెనకే వెళ్లేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. జబ్బే లేకపోతే ఆ కాపలా దేనికి?

పారిస్‌లో ఎస్కిరోల్ అనే వైద్యుడు 1838లోనే ఈ సంగతి రాశాడు. బాలింతల్లో మతి చెదిరేవారు జనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ, ఇళ్లలోనే ఉండిపోయేవారు ఆస్పత్రి లెక్కల్లోకి రావడం లేదన్నాడు. మా మేనత్త కూడా ఏ లెక్కలోకీ రాలేదు. ఆ తర్వాత 1858లో మార్సే అనే మరో ఫ్రెంచి వైద్యుడు గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మానసిక వ్యాధుల మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు.

గుర్తించారు సరే, వైద్యం మాత్రం ఘోరం. అమెరికా రచయిత్రి షార్లెట్ గిల్మన్‌కు 1885లో కూతురు పుట్టాక దిగులు పట్టుకుంది. వెయిర్ మిచెల్ అనే పేరుమోసిన డాక్టరు మంచం మీద పడుకోబెట్టి, బాగా తినిపించి, బతికున్నంత కాలం కలం ముట్టుకోవద్దని చెప్పి ఇంటికి పంపాడు. ఆ సలహా పాటించి పూర్తిగా మతి పోయే దాకా వెళ్లానని ఆవిడే తర్వాత రాసింది. బాలింత పుస్తకం పడితే కళ్లు పోతాయని మన ముసలమ్మలు లాక్కునేవారు చూడండి, వాళ్లకు డిగ్రీ లేదు, అంతే తేడా.

అప్పట్లో పిచ్చాసుపత్రికి చేరినవాళ్లనే చూసేవారు. ఇంట్లో వంట చేస్తూ, పాలిస్తూ, చాటుగా ఏడ్చే మామూలు తల్లిని ఎవరూ అడగలేదు. 1968లో లండన్‌లో బ్రైస్ పిట్ అనే డాక్టరు కాన్పుకొచ్చిన 305 మందిని అడిగి చూస్తే, పదిమందిలో ఒకరికి పైగా ఈ దిగులు బయటపడింది. 1987లో ఎడిన్‌బరో పేరుతో పది ప్రశ్నల పట్టిక వచ్చింది. ఇప్పటికీ డాక్టర్లు వాడేది అదే. అందులో మొదటి ప్రశ్న నవ్వు గురించే, నవ్వు వచ్చే విషయానికి నవ్వగలుగుతున్నావా అని. పదోది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని.

మన దేశం సంగతి కూడా చెప్తాను. గోవాలో 270 మంది తల్లులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 23 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. డబ్బు ఇబ్బంది, మొగుడితో పడకపోవడం ముఖ్య కారణాల్లో ఉన్నాయి. పుట్టింది ఆడపిల్లయితే, మగపిల్లాడు కావాలనుకున్న ఇళ్లలో ఆ భారం ఇంకా పెరిగింది. మీకు పుట్టింది పాప అని రాశారు, దాని గురించి అత్తారింట్లో ఏమన్నారో మాత్రం రాయలేదు. అమ్మాయిని ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

కాన్పయిన మూడు నాలుగు రోజులకు వచ్చే ఏడుపు రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మీ అమ్మాయిది రెండు నెలలు దాటింది కాబట్టి డాక్టరమ్మ మాట వినండి. పాలిచ్చేవాళ్లకు సరిపడే మందులున్నాయి, అడక్కుండా ఆపకండి. రాత్రి ఒక పూట పాపను మీరో అల్లుడుగారో చూసుకుని తనను పడుకోనివ్వండి. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, బిడ్డ మీద వింత అనుమానాలు చెప్పినా, చచ్చిపోవాలనుందన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, తనను ఒంటరిగా వదలకండి. ఏ వేళలోనైనా 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఐదో నెల ప్రయాణం. డాక్టరమ్మ సరేననేదాకా పంపకండి. ఈసారి చూపించడానికి వెళ్లేటప్పుడు వియ్యపురాలిగారిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి, ఆవిడ అనుమానాలేవో అక్కడే అడుగుతారు.