పచ్చగా ఉండగానే తలవాల్చే మొక్క: వడలు తెగులుపై పాఠకుల ప్రశ్నలు

ఈ వానాకాలం మాకు చేరిన కూరగాయల ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క సంగతినే ప్రస్తావించాయి: నిన్నటిదాకా నవనవలాడిన టమాటా, వంగ మొక్కలు ఉన్నట్టుండి వడలిపోతున్నాయి. దాదాపు అందరూ ఏ మందు చల్లాలని అడిగారే తప్ప తెగులు పొలంలోకి ఏ దారిన వచ్చిందని అడిగినవారు ఒకరిద్దరే. ముందుగా వారి ప్రశ్నలకే సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: అర ఎకరంలో టమాటా వేశాను. పూత సమయంలో నీటి కాలువ మొదట్లోని రెండు మొక్కలు ఆకు పచ్చగా ఉండగానే వాలిపోయాయి. వారం తిరిగేసరికి అదే సాలులో దిగువనున్న పది పన్నెండు మొక్కలు పోయాయి కానీ పక్క సాలు చాలావరకు బాగానే ఉంది. పక్క పొలం నుంచి గాలికి వచ్చిందని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా? (మొయినాబాద్ రైతు)

జవాబు: గాలికి వచ్చిన తెగులైతే సాలును చూసి నడవదు. మీరు వర్ణించిన తీరును బట్టి ఇది బాక్టీరియా వడలు తెగులు కావడానికే అవకాశం ఎక్కువ. దీనికి కారణం రాల్‌స్టోనియా సొలనేసియారం అనే బాక్టీరియా. అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1896లో దీనిని తొలిసారి వర్ణించారు. ఆ తరువాత పేరు పలుమార్లు మారింది. 2014లో ఈ సముదాయాన్ని మూడు జాతులుగా విడదీశారు కూడా. పేరు ఏదైనా రైతుకు కలిగే నష్టంలో తేడా లేదు కనుక ఆ చర్చను ఇక్కడ పక్కన పెడుతున్నాము.

ఈ బాక్టీరియా మట్టిలో ఉండి వేరు ద్వారా మొక్కలోకి ప్రవేశిస్తుంది. నారు పీకి నాటేటప్పుడు తెగిన వేళ్లు, కలుపు తీసేటప్పుడు దంతె తగిలిన గాట్లు, నేలలో ఉండి వేళ్లను ఆశించే సూక్ష్మమైన నులిపురుగులు (నెమటోడ్లు) చేసిన గాయాలు దానికి వాకిళ్లు. అవేవీ లేకపోయినా, పిల్లవేరు తల్లివేరును చీల్చుకుని బయటికి వచ్చే చోట సహజంగానే ఏర్పడే సన్నని సందు దానికి సరిపోతుంది. లోపలికి చేరాక అది నీటిని పైకి తీసుకుపోయే నాళాలలో వృద్ధి చెంది, జిగురువంటి పదార్థాన్ని స్రవించి ఆ దారులను మూసివేస్తుంది. పాదులో తడి ఉన్నా చిగురుకు నీరు అందని స్థితి అలా ఏర్పడుతుంది. అందుకే తొలి రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నం లేత కొమ్మలు వాలి సాయంత్రానికి తేరుకుంటాయి, ఆ తరువాత ఇక తేరుకోవు. ఆకు పండబారేంత వ్యవధి కూడా లేకుండా మొక్క పచ్చగానే చనిపోతుంది. వాలిన మొక్కకు దాహమనుకుని ఇంకా నీరు పెట్టడం ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు.

ఎందుకంటే ఆ నీరే తెగులుకు వాహనం. పూర్తిగా వడలిన మొక్క కాండం ఒక గ్రాములో పది కోట్లకు మించిన బాక్టీరియా ఉంటుంది. అది వేళ్ల గుండా చుట్టూ ఉన్న మట్టిలోకి, అక్కడి నుంచి కాలువ నీటిలోకి విడుదలవుతూనే ఉంటుంది. ఇంకా ఇబ్బందికరమైన విషయం ఏమిటంటే, వడలు లక్షణం పైకి కనిపించక ముందే వ్యాధి సోకిన మొక్క వేళ్ల నుంచి బాక్టీరియాను బయటికి వదలగలదు. మీరు మొదటి రెండు మొక్కలను చూసిన నాటికే దిగువ మొక్కల పాదులకు అది చేరి ఉండవచ్చు. సాలు వెంట నీరు పారిన దిక్కుకే తెగులు నడవడం, పక్క సాలు చాలావరకు తప్పించుకోవడం దీనికి సరిపోతున్నాయి.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని ఆ సాలుకు నీరు ఆపడం. వాలిన మొక్కను వేరు చుట్టూ ఉన్న మట్టితో సహా పెకలించి సంచిలో వేసి పొలం బయటికి తీసుకుపోవాలి. ఊడదీసిన మొక్కను గట్టు మీద విసరడం, కాలువలో పడేయడం, పెంటకుప్పలో కలపడం వంటివి చేస్తే తెగులును మనమే మోసుకుపోయినట్టవుతుంది. కూలీలు ముందుగా బాగున్న సాళ్లలో పని ముగించుకుని, చివరికే తెగులు ఉన్న వైపు వెళ్లేలా చూడండి. పార, దంతె, చెప్పులకు అంటిన మట్టిని అక్కడే కడిగివేయాలి. ట్రాక్టరును కిరాయికి తెచ్చుకునేవారు దాని గొర్రుకు అంటిన మట్టి ఎవరి పొలానిదో అడిగిన సందర్భం మేమైతే ఎన్నడూ చూడలేదు. పక్క ఊరి తెగులు మన ఊరికి రావడానికి మాత్రం ఆ గడ్డ చాలు.

వచ్చే పంటగా ఈ మడిలో టమాటా, వంగ, మిరప, ఆలుగడ్డలలో ఏదీ వేయకండి. వేరుశనగకు కూడా ఈ తెగులు సోకుతుంది. మొక్కజొన్న, జొన్న వేయవచ్చు, నీటి వసతి ఉంటే నీరు నిలబెట్టే వరి ఇంకా మేలు. ఒక్క పంటతో పోతుందని ఆశించవద్దు. ఈ బాక్టీరియా నేల లోతు పొరలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మీరు పంట మార్చినా గట్ల మీద కామంచి కలుపు, దానంతట అది మొలిచిన టమాటా మిగిలి ఉంటే అక్కడే దానికి ఆశ్రయం దొరుకుతుంది.

ప్రశ్న: మా వంగతోటలో మొక్కలు ఎండుతున్నాయి. ఒకరు ఎండు తెగులంటున్నారు, మరొకరు వేరుకుళ్లు అంటున్నారు. ల్యాబుకు వెళ్లకుండా తేల్చుకునే మార్గం ఉందా? (షాబాద్ మండలం)

జవాబు: ఉంది, దానికి ఒక గాజు గ్లాసు చాలు. అప్పుడే వాలిన మొక్క కాండాన్ని నేలకు కొంచెం పైన కోసి, వేలెడు ముక్కను పదునైన కత్తితో తీయండి. శుభ్రమైన నీటితో నిండిన గ్లాసులో దాని ఒక కొస మాత్రమే మునిగేలా, కదలకుండా పట్టుకోండి. బాక్టీరియా తెగులైతే కొద్ది నిమిషాలలోనే కోసిన చోటు నుంచి పాలవంటి తెల్లని దారాలు నీటిలోకి జారుతాయి. పూర్తిగా ఎండి కట్టెగా మారిన మొక్కను ఈ పరీక్షకు తీసుకుంటే ఏమీ తేలదు. శిలీంధ్రం వల్ల వచ్చే ఫ్యుజేరియం ఎండు తెగులులో ఈ దారాలు రావు. అందులో కింది ఆకులు, తరచుగా ఒకవైపువే, ముందు పసుపుబారి ఆ తరువాత నెమ్మదిగా మొక్క ఎండుతుంది. మొదలు దగ్గర తెల్లని బూజు, ఆవగింజలవంటి గుండ్రని గింజలు కనిపిస్తే అది మొదలుకుళ్లు. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగులున్నట్టు, అయితే బుడిపెలు కనిపించాయని గ్లాసు పరీక్ష మానవద్దు, ఎందుకంటే రెండూ కలిసి ఉండే పొలాలు తక్కువేమీ కావు.

తెల్లని దారాలు వచ్చాక ఆ గ్లాసు నీటిని మళ్లీ పాదులో పోయకండి. ఇది చెప్పవలసిన మాటేనా అనిపించవచ్చు కానీ అలా పోసినవారున్నారు.

ప్రశ్న: మలక్‌పేటలో మా మిద్దె తోటలో నలభై గ్రోబ్యాగులున్నాయి. పొలం లేదు, పక్క తోట లేదు. అయినా వంగ మొక్కలు ఒకటి తరువాత ఒకటి వాలిపోయాయి, గ్లాసులో తెల్లని దారాలు కూడా వచ్చాయి. మూడో అంతస్తు మీదికి ఇది ఎలా ఎక్కింది? (ఒక గృహిణి)

జవాబు: మీరు ఎక్కించిందే ఎక్కింది. నగరంలోని మిద్దె తోటలకు ఎర్రమట్టి లారీల్లో వస్తుంది, అది ఏ చేను మట్టో అమ్మేవారికీ తెలియదు. మరో దారి నారు: నర్సరీ మట్టిలో తెగులుంటే చక్కగా కనిపించే నెల మొక్క వేరులోనే అది దాగి రావచ్చు. టమాటా, వంగలకు విత్తనం ద్వారా వచ్చే ప్రమాదం స్వల్పమే కనుక, శుభ్రమైన కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) మీరే విత్తనం నాటి నారు పోసుకోవడం మేలు.

ఒక బ్యాగు నుంచి మరొకదానికి పాకిన తీరు మీ మిద్దె వాలులోనే కనిపిస్తుంది. ఎత్తున ఉన్న బ్యాగు అడుగు నుంచి కారిన నీరు స్లాబు మీదుగా పల్లంలోని బ్యాగుల కిందికి చేరుతుంది. బ్యాగులను ఇటుకల మీద ఎత్తి పెట్టి, ఒక్కొక్కదాని నీరు నేరుగా తూముకు పోయేలా అమర్చండి. కొమ్మలు కత్తిరించే కత్తెరను ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవండి. అన్నింటికంటే ముఖ్యంగా, పంట అయిపోయిన బ్యాగుల మట్టినంతా ఒక కుప్పగా పోసి ఎరువు కలిపి తిరిగి నింపే అలవాటును మానుకోవాలి. ఆ కుప్పలో ఒక్క చచ్చిన మొక్క మట్టి ఉన్నా తెగులు నలభై బ్యాగులకూ పంచినట్టే అవుతుంది.

ఉన్న మట్టిని పారేయవలసిన పనిలేదు. హైదరాబాదు ఏప్రిల్, మే ఎండలు ఇందుకు పనికివస్తాయి. మట్టిని తడిపి, జానెడుకు మించని మందంతో మిద్దె మీద పరచి, పారదర్శకమైన పాలిథిన్‌తో గాలి చొరకుండా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్లని కవరు ఇందుకు పనికిరాదు, అది తాను వేడెక్కుతుంది కానీ ఎండను లోపలికి పంపదు. పొలంలో ఇదే పని చేస్తే లోతు పొరలకు వేడి అందదు కాబట్టి ఫలితం సగమే. మీకున్నది జానెడు మట్టే కనుక ఈ ఒక్క విషయంలో రైతు కంటే మీరే నయం.

ప్రశ్న: పెంకు పురుగులు ఈ తెగులును మోసుకొస్తాయని ఒక వీడియోలో చూశాను. మా బీరపాదు మీద ఎర్ర పెంకు పురుగులున్నాయి, పాదు వాలుతోంది. మందు కొట్టాలా? (కూకట్‌పల్లి)

జవాబు: వీడియోలో చెప్పినది అబద్ధం కాదు, అయితే అది వేరే దేశపు వేరే తెగులు. ఉత్తర అమెరికాలో దోసజాతి పంటలకు ఎర్వీనియా ట్రకీఫైలా అనే బాక్టీరియా వల్ల వడలు తెగులు వస్తుంది, చారలు, మచ్చలున్న అక్కడి పెంకు పురుగులే దానిని మోస్తాయి. దానినీ 1895లో ఎర్విన్ స్మితే వర్ణించారు, రెండు తెగుళ్లూ కలగాపులగం కావడానికి పేరులోని పోలిక కూడా ఒక కారణం. మన ఎర్ర పెంకు పురుగు చేసే హాని మరోలా ఉంటుంది: పెద్ద పురుగు ఆకులను కొరుకుతుంది, దాని పిల్లపురుగు నేలలో వేరును తొలుస్తుంది, పాదు వాలేది సాధారణంగా అందువల్ల. ఒక పాదు మొదలు తవ్వి చూస్తే విషయం తేలుతుంది. పురుగులు కొన్నే ఉంటే ఉదయపు చల్లదనంలో మందకొడిగా ఉన్నప్పుడే చేత్తో ఏరివేయవచ్చు.

ప్రశ్న: జహీరాబాద్ దగ్గర మాకు అల్లం, ఆలుగడ్డ సాగు ఉంది. నేల మార్చినా తెగులు వస్తోంది. (మెహదీపట్నం పాఠకుడు)

జవాబు: నేల మార్చారు కానీ విత్తనం మార్చలేదేమో చూడండి. టమాటాకు భిన్నంగా ఈ రెండింటిలో మనం నాటేది దుంప, పైకి ఏ మచ్చా లేని దుంపలోనూ బాక్టీరియా నిద్రాణంగా ఉండగలదు. తెగులు సోకిన మడి నుంచి తీసిన దుంపను విత్తనానికి ఉంచుకోవద్దు. ఆలుగడ్డను ఒకే కత్తితో వరుసగా ముక్కలు చేయడం కూడా ప్రమాదమే. కోసినప్పుడు గోధుమరంగు వలయం, దానిని నొక్కితే తెల్లని జిగురు కనిపిస్తే ఆ బస్తా మొత్తాన్నీ అనుమానించండి.

ప్రశ్న: ఇంతకూ మందు ఏది? (చాలామంది)

జవాబు: వాలిన మొక్కను నిలబెట్టే మందు లేదు. మూసుకుపోయిన నాళాలలోకి ఆకు మీద చల్లిన మందు చేరదు. రాగి మందుతో పాదు తడిపితే చుట్టుపక్కల వ్యాప్తి కొంత తగ్గవచ్చు, అంతకుమించి ఆశించవద్దు. మనుషుల వైద్యంలో వాడే యాంటీబయాటిక్‌లను పొలంలో పోయడాన్ని మేము సూచించము.

డబ్బు ఖర్చు చేయదలచినవారు దానిని రకం మీద, అంటు మీద పెట్టడం మంచిది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన టమాటాలలో అర్క రక్షక్ అనే సంకరరకం, అర్క ఆభ, వంగలో అర్క కేశవ్, అర్క నిధి ఈ తెగులును తట్టుకునేవి. అర్క కేశవ్ కాయ పొడవుగా ఉంటుంది కనుక గుత్తివంకాయకు అలవాటుపడిన మన మార్కెట్లో అమ్మకం ఎలా ఉంటుందో ముందే విచారించుకోండి. టమాటాకే కట్టుబడినవారికి, తెగులును తట్టుకునే వంగ వేరుమూలం (వేరు, మొదలు ఉన్న కింది మొక్క) మీద టమాటాను అంటుకట్టిన నారు మరో మార్గం. ప్రపంచ కూరగాయల కేంద్రం ఇందుకు ఈజీ 203 అనే వంగ రకాన్ని సూచించింది. అంటునారు ఖరీదెక్కువ, కానీ దానిని చేతులారా పాడుచేసుకునేది ఎక్కువగా నాటేటప్పుడే: మామూలు టమాటాలాగా లోతుగా నాటినా, తరువాత మొదలుకు మట్టి ఎగదోసినా రెండు మొక్కలు కలిసిన అతుకు మట్టిలో కూరుకుపోతుంది. అప్పుడు పైనున్న టమాటా కాండం తన సొంత వేళ్లు వేస్తుంది, బాక్టీరియా ఆ వేళ్ల గుండానే లోపలికి పోతుంది. అతుకు నేలకు కనీసం రెండు వేళ్ల ఎత్తున ఉండాలి, దాని కింద మొలిచే వంగ పిలకలను ఎప్పటికప్పుడు తుంచివేయాలి.