గుండెలో స్టెంట్ ఉంది.. ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. రెండు నెలలుగా నడుం నొప్పి. ఎడమ పిర్ర నుంచి పాదం దాకా లాగేస్తోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మందులకు తగ్గకపోవడంతో ఎంఆర్‌ఐ రాశారు. మూడేళ్ల కిందట నాకు గుండెలో స్టెంట్ వేశారు. మెషీన్ దాన్ని లాగేస్తుందని మా బావమరిది భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ బావమరిది భయం మరీ ఉత్తిదేం కాదు. ఎంఆర్‌ఐ గదిలో అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, ఇనుప ఆక్సిజన్ సిలిండర్‌ని సైతం లాక్కుంటుంది. అయితే ఇప్పుడు వేస్తున్న గుండె స్టెంట్లను అయస్కాంతం లాగేంత బలంగా పట్టుకోలేదు. మీరు తీయించుకోవచ్చు. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు మాత్రం వెంట తీసుకెళ్లండి. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి అమర్చే పరికరం) ఉన్నవాళ్లు, వెల్డింగ్ పనిలో కంట్లో ఇనుప రజను పడినవాళ్లు ముందే చెప్పి తీరాలి.

ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఎముకలో పెద్ద తేడా కనపడలేదనే. డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది), నరం అందులో కనపడవు. ఎంఆర్‌ఐ మన ఒంట్లోని నీటిని ఆసరాగా చేసుకుని బొమ్మ గీస్తుంది, రేడియేషన్ ఉండదు. ఒక రకం బొమ్మల్లో నీరు తెల్లగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మధ్యలో తెల్లగా, ఎండిపోయింది నల్లగా కనిపిస్తుంది. నరాల చుట్టూ ఉండే ద్రవం తెల్లటి పట్టీలా దిగుతుంది. డిస్కు జారి నొక్కిన చోట ఆ పట్టీ సన్నబడిపోతుంది. వెన్నెముక టీబీని కూడా ఎక్స్‌రే కంటే ముందే పట్టేస్తుంది.

రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (డిస్కు కాస్త ఉబ్బడం) అని ఉంటే కంగారుపడి ఆపరేషన్ దాకా వెళ్లకండి. ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా నూటికి దాదాపు 60 మందిలో అది కనిపిస్తుంది. బొమ్మకీ, మీ కాలికీ పొత్తు కుదరాలి. ఉదాహరణకు ఎల్4-ఎల్5 (నడుంలోని నాలుగు, ఐదో పూసలు) మధ్య డిస్కు జారితే సాధారణంగా ఎల్5 నరం నలుగుతుంది, అప్పుడు కాలి బొటనవేలు పైకెత్తడం కష్టమవుతుంది. స్కాన్‌లో నొక్కుడు కుడివైపు ఉండి, నొప్పి ఎడమ కాల్లో ఉంటే ఆ నొప్పిని దానికి అంటగట్టలేం.

మామూలు నడుం నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఎంఆర్‌ఐ అక్కర్లేదు. మీకు రెండు నెలలైంది, కాల్లోకి దిగింది, మందులకు లొంగలేదు. కాబట్టి తీయించండి. ఈలోగా మూత్రం రాకుండా ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం ఈడుస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

స్కాన్‌కి అరగంట పట్టొచ్చు. చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు. ఇరుకులో ఊపిరాడనట్టు టెన్షన్ పడే అలవాటుంటే ముందే చెప్పండి. ఉంగరంతో పాటు తాయెత్తు, వెండి మొలతాడు కూడా తీసేయాలి, చాలామంది వాటిని మర్చిపోతారు. డాక్టర్ దగ్గరికి రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్లండి.