కార్డు కొనే ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదువు

అమ్మలూ,

నువ్వు ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. యానిమేషన్ పనుల్లో వచ్చిన డబ్బు కూడబెట్టి, ఎవరినీ రూపాయి అడక్కుండా కొంటున్నావట. మీ పెద్దమ్మకి ఆ మాట రెండుసార్లు చెప్పాను. అంత సంతోషంగా ఉంది. దాంతో పాటే టెన్షనూ పట్టుకుంది. నీ సిస్టమ్‌లో సామాన్లన్నిటికీ కరెంటు పంచే పెట్టె, ఆ ఎస్‌ఎంపీఎస్ సంగతి నాకు తెలుసు. అది క్యాబినెట్‌తో పాటు వచ్చింది. ఇప్పుడు నీ దగ్గరున్న జీటీఎక్స్ 1650 కార్డుకి అది సరిపోయింది. ఆ కార్డుకి కావలసింది 75 వాట్లే, అంత కరెంటు మదర్‌బోర్డు స్లాటే ఇచ్చేస్తుంది. నీ కార్డుకి విడిగా పవర్ కేబుల్ కూడా లేదు. 5070 అలా కాదు, దానికి 250 వాట్లు కావాలి.

మీ నాన్న అడిగితే "500 వాట్లది ఉందిగా, సరిపోతుంది" అన్నావట. అక్కడే నాకు కోపమొచ్చింది. పెద్దక్షరాల్లో ఉన్న అంకె ఒక్కటి చూసి అంత డబ్బు పెట్టేస్తావా? పక్కనే చిన్నక్షరాల్లో ఉన్న పట్టిక చదవాలి కదా. పోయినేడాది ఫ్యాన్ శబ్దం చేస్తోందని నువ్వు పంపిన ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది. రాత్రి అది పెద్దది చేసి చూశాను. ఆ పట్టికలో +3.3వీ, +5వీ, +12వీ అని గడులుంటాయి. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ దాదాపుగా 12 వోల్టుల మీదే నడుస్తాయి. నీ దాంట్లో 12 వోల్టుల గడి కింద 32 ఆంపియర్లని ఉంది. గుణిస్తే 384 వాట్లు. మిగతా లైన్లన్నీ కలిపి 500 అని రాసుకున్నారు. ఆ మిగతాది నీ కార్డుకి ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు ఖర్చు చూడు. కార్డుకి 250. నీ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, గట్టిగా పనిచేస్తే 117 దాకా తీసుకుంటుంది. ఈ రెండే 367. మదర్‌బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులు కలిపి ఇంకో 50 వేసుకో. 384 దాటిపోయాం. రెండూ ఒకేసారి నిండుగా పనిచెయ్యవు కదా అంటావేమో. నిజమే. కానీ కార్డు 250 దగ్గర నిలకడగా ఉండదు, క్షణంలో వెయ్యోవంతు సేపు అంతకన్నా చాలా ఎక్కువ లాగి మళ్లీ తగ్గుతుంది. మన పెరట్లో బోరు మోటారు వేసిన క్షణంలో ఇంట్లో లైట్లు డిమ్ము అయ్యేవి చూడు, అలాంటిదే ఇది. మంచి ఎస్‌ఎంపీఎస్ దాన్ని తట్టుకుంటుంది, లేదా తనంతట తాను ఆగిపోయి మిగతా సామాన్లను కాపాడుతుంది. రెండర్ మధ్యలో, అంటే నీ యానిమేషన్‌ని కంప్యూటర్ ఫ్రేములుగా తయారుచేస్తుండగా, బ్లూ స్క్రీన్ కూడా రాకుండా సిస్టమ్ టప్పున ఆరిపోతే అదేనని గుర్తుపట్టు. చవక రకంలో ఆ రక్షణ సరిగ్గా పనిచేస్తుందని నేను నమ్మను.

అందుకని ఆ పాతది మార్చాల్సిందే. ఈ కార్డుకి ఎన్‌విడియా చెప్పేది కనీసం 650 వాట్లు. నేను 750 తీసుకోమంటాను. మీ రాజమండ్రి మే నెల ఎండలో, పై గదిలో, గంటల తరబడి రెండర్ పెడతావు. వేడికి లోపలి కెపాసిటర్లు త్వరగా పాడవుతాయి. సగం బరువు మీద నడిచేది చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. డబ్బా మీద 80 ప్లస్ అని ముద్ర ఉంటుంది, దానర్థం 750లో 80 శాతమే వస్తుందనుకోకు. 750 అంటే లోపలికి ఇచ్చేది 750. గోడ నుంచి తీసుకునేది అంతకన్నా ఎక్కువ, అందులో ఎంత వేడిగా పోతుందో చెప్పేదే ఆ బ్రాంజ్, గోల్డ్ ముద్ర. అది నాణ్యతకి పూర్తి సర్టిఫికెట్ కాదు. వారంటీ ఎన్నేళ్లో చూడు, ఐదేళ్లకి తక్కువైతే వద్దు. ఏటీఎక్స్ 3.1 అని, అంటే ఎస్‌ఎంపీఎస్‌ల కొత్త ప్రమాణం, రాసి ఉన్నది తీసుకుంటే కొత్త కార్డుల 12వీ-2×6 కేబుల్ దాంతోనే వస్తుంది, మధ్యలో అడాప్టర్ అక్కర్లేదు. కార్డు పొడవు కొలుచుకుని క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూసుకో.

ఇక అసలు నా భయం కేబుళ్ల గురించి. ఇది జాగ్రత్తగా చదువు.

నేను సర్వీసు చేసే రోజుల్లో ఒక ఫోటో స్టూడియో ఆయన సిస్టమ్ తెచ్చాడు. ఎస్‌ఎంపీఎస్ పోయింది. మా దగ్గర పనిచేసే కుర్రాడు తెలివైనవాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. కొత్తది మంచిదే తెప్పించాడు, కేబుళ్లు విడిగా ఊడి వచ్చే మాడ్యులర్ రకం. పాతదీ మాడ్యులరే. క్యాబినెట్ వెనకాల పాత కేబుళ్లు ట్యాగులేసి చక్కగా కట్టి ఉన్నాయి. అవన్నీ విప్పి కొత్తవి లాగడమెందుకని హార్డ్ డిస్కుల కేబుల్ అలాగే ఉంచి, దాని రెండో కొసని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో గుచ్చాడు. అది టక్కున కూర్చుంది. ఎక్కడా బిగుతుగా అనిపించలేదు. అనిపించి ఉంటే ఆగేవాడే.

హార్డ్ డిస్కు వైపు ప్లగ్గు అన్ని కంపెనీలదీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు అలా కాదు. ఏ పిన్నులో 5 వోల్టులు, ఏ పిన్నులో 12 వోల్టులు అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. ప్లగ్గు ఆకారం మాత్రం ఒకేలా ఉండొచ్చు. ఆ రోజు 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వోల్టులు వెళ్లాయి. స్విచ్ నొక్కగానే చిన్న చిటపట, కాలిన వాసన. డిస్కు తిప్పి చూస్తే పవర్ ప్లగ్గు పక్కన బోర్డు మీద చిన్న నల్ల ముక్క పగిలి ఉంది. ఆయన బ్యాకప్ పెట్టుకున్న రెండో డిస్కు కూడా అదే క్యాబినెట్‌లో, అదే కేబుల్ మీద ఉంది. అదీ పోయింది.

వాటిలో ఉన్నవి పెళ్లిళ్ల ఫోటోలు. ఒక పెళ్లివాళ్లకి ఆల్బమ్ ఇంకా ప్రింటుకి ఇవ్వలేదు. ఆ పెళ్లికొడుకు నాయనమ్మ ఈలోపు చనిపోయింది, ఆవిడ నిలబడి అక్షింతలు వేసిన ఫోటోలు అందులోనే ఉన్నాయి. స్టూడియో ఆయన ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చుని డిస్కుని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. కుర్రాడు ఏడ్చేశాడు. తర్వాత డేటా రికవరీ చేసేవాళ్లు అదే మోడల్ బోర్డు వెతికి తెచ్చి, కాలిన బోర్డు మీది ఒక చిప్ తీసి దానికి అతికించి మొదటి డిస్కుని లేపారు. రెండోది లేవలేదు. నాయనమ్మ ఫోటోలు మొదటి దాంట్లో ఉన్నాయి, దేవుడి దయ.

ఆ కుర్రాడికి పని రాదని ఎవరూ అనలేరు. పాత కేబుల్ పడింది కాబట్టి పనికొస్తుందనుకున్నాడు, అంతే. నువ్వూ అలాగే అనుకుంటావని నా భయం. ఆ పిల్లాడిలాగే నీకూ కట్టి ఉన్న తీగలు విప్పాలంటే బద్ధకం, నాకు తెలుసు. కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్ తీసేటప్పుడు దాని తీగలు ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. కొత్త డబ్బాలో వచ్చినవే వాడు. తర్వాతెప్పుడైనా ఒక కేబుల్ తక్కువైతే ఆన్‌లైన్‌లో దొరికేది, స్నేహితులిచ్చేది పెట్టకు, నాకు ఫోన్ చెయ్యి. పని మొదలుపెట్టే ముందు నీ ప్రాజెక్టులన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులో కాపీ చేసి, ఆ డిస్కు తీసి బీరువాలో పెట్టు.

ఇంకో రకం తప్పు కూడా ఉంది. 12వీ-2×6 ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లాలి, సందు కనపడకూడదు. 2022లో ఇలాంటి పాత రకం ప్లగ్గులు 4090 కార్డుల మీద కరిగిపోయాయి. సరిగ్గా గుచ్చకపోవడమే ముఖ్య కారణమని ఎన్‌విడియా చెప్పింది. ప్లగ్గు దగ్గరే తీగ మడవకు, మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా రానిచ్చి అప్పుడు వంచు. సాటా, అంటే హార్డ్ డిస్కుకి పెట్టే పవర్ ప్లగ్గు, నుంచి గ్రాఫిక్స్ కార్డుకి మార్చే చవక కన్వర్టర్లు ఇంట్లోకి తేవద్దు. సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లే, అంతకుమించి లాగితే కాలుతుంది.

పై గదిలో ఆ సాకెట్ కూడా నాకు గుర్తుంది. నీకు ఆరో ఏడో ఏళ్లప్పుడు క్యాబినెట్ ముట్టుకుని "పెదనాన్నా, జివ్వుమంటోంది" అని పరిగెత్తుకొచ్చావు. నిన్ను ఎత్తుకుని చూస్తే నీ చేతికేమీ కాలేదు, నా చేతులే వణికాయి. ఆ సాకెట్‌కి ఎర్త్ తీగ లేదని అప్పుడే తేలింది. తర్వాత వేయించామని మీ నాన్న అంటాడు, నేను కళ్లతో చూడలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటర్ పెట్టించు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. ఇది చూపించకుండా కొత్త కార్డు ఆన్ చెయ్యొద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

నీ 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. కార్డు నిండుగా నడుస్తుండగా కరెంటు పోతే ఆ లోడు మొయ్యడం దాని వల్ల కాదు, సిస్టమ్ దాంతో పాటే ఆరిపోతుంది. పెద్దది కొనేదాకా రెండర్‌ని వీడియో ఫైలుగా కాకుండా ఒక్కో ఫ్రేమ్‌గా సేవ్ చేసుకో. పోయినా ఒక ఫ్రేమే పోతుంది.

అన్నీ పెట్టాక మొదటి పెద్ద రెండర్‌కి గంటసేపు గదిలోనే ఉండు. వేడి వాసన వచ్చినా, ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత కాలినా గోడ స్విచ్ ఆపెయ్యి.

ఎస్‌ఎంపీఎస్ నువ్వు కొనకు. శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్తున్నాను, లేబుల్ చదివి నేనే తీసుకుని ఆదివారం బస్సు పార్సిల్‌లో వేస్తాను. డబ్బు సంగతి మీ నాన్న దగ్గర ఎత్తకు, కార్డు నీ సంపాదన, ఇది నా వంతు. పార్సిల్ అందేదాకా కార్డు డబ్బాలోనే ఉండనీ.

మీ పెదనాన్న