పాత డీజిల్ ఇంజను బండిని కదిలించేటప్పుడు నల్లపొగ ఎందుకు?

ఒకప్పుడు నెల్లూరు స్టేషన్లో డబ్ల్యూడీఎం-2 ఇంజను బయల్దేరేటప్పుడు గుప్పుమని నల్లపొగ వదిలేదెందుకని అడిగారు. కారణం టర్బోఛార్జర్.

ఈ ఇంజను అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో వచ్చింది, తర్వాత వారణాసిలోనే తయారుచేశారు. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. డ్రైవరు నాచ్ (ఇంజను శక్తిని పెంచే, తగ్గించే మీట మెట్టు) పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువ పడుతుంది, దాన్ని పూర్తిగా కాల్చేంత గాలి మాత్రం వెంటనే అందదు. ఎందుకంటే గాలిని లోపలికి నెట్టే టర్బో తిరిగేది ఇంజను వదిలే వేడి వాయువులతోనే. అది ఊపందుకునేదాకా సగం కాలిన డీజిల్ మసిగా బయటికొస్తుంది. ఆ పొగనే ఫొటో తీయాలని కాచుకునే రైలు పిచ్చోళ్లూ ఉన్నారు లెండి! వేగం అందుకున్నాక పొగ పలచబడాలి. అలా కాకుండా అదేపనిగా నల్లగా వస్తుంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లనో, ఎయిర్ ఫిల్టర్లనో, టర్బోనో చూడాల్సిందే.