ఏడువేల మీటర్ల కొండల్లో సులువైనది ఉందా? లెనిన్ శిఖరంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ సరిహద్దులో, పామీర్ ప్రాంతపు ట్రాన్స్-అలై శ్రేణిలో ఉన్న లెనిన్ శిఖరం ఎత్తు 7,134 మీటర్లు. తజికిస్తాన్ 2006లో దీనికి ఇబ్న్ సీనా పేరు పెట్టింది. ఆరోహకుల్లో ఎక్కువమంది ఉత్తరాన కిర్గిజ్ వైపు నుంచే ఎక్కుతారు, పాత పేరుతోనే పిలుస్తారు. జులై, ఆగస్టు నెలలే అక్కడ సీజన్. వచ్చే వేసవికి ఇప్పటి నుంచే సిద్ధమవుతున్నవారి ప్రశ్నలు ఈ నెల తీసుకున్నాం.

ప్రశ్న: పర్వతారోహణలో బేసిక్ కోర్సు చేశాను, మనాలి దగ్గర ఫ్రెండ్‌షిప్ శిఖరం ఎక్కాను. ఏడువేల మీటర్ల కొండల్లో ఇదే సులువంటున్నారు. నేరుగా వెళ్లొచ్చా? (ఎస్.ఆర్., హనుమకొండ)

ఇంకా వద్దు. ఈ దారిలో నిలువు రాతి గోడలు లేవు, చాలాచోట్ల మంచులో నడకే. సులువు అనే మాట అంతవరకే నిజం. చలి, గాలి, పలచని గాలిలో ఒళ్లు పడే అవస్థ మిగతా ఏడువేల మీటర్ల కొండల మీద ఎంతో ఇక్కడా అంతే. 1974 ఆగస్టులో ఎల్విరా షతాయెవా నాయకత్వంలో శిఖరం చేరిన ఎనిమిది మంది సోవియట్ మహిళలు దిగే దారిలో తుపానులో చిక్కుకుని ఒక్కరూ మిగలకుండా చనిపోయారు. వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లే. వాళ్ల గుడారాలు ఆ గాలికి నిలవలేదు. 1990 జులై 13న భూకంపానికి విరిగిపడిన మంచు అప్పటి రెండో క్యాంపును కప్పేయడంతో 43 మంది పోయారు. సులువన్న పేరు విని తక్కువ సరంజామాతో, తక్కువ సెలవుతో వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టే ఈ కొండ విషయంలో మేం గట్టిగా చెబుతున్నాం.

బేసిక్‌లో ‘ఎ’ గ్రేడు ఉంటే ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో మనాలిలోనో అడ్వాన్స్ కోర్సు చేయండి. హిమనదం నెర్రెలో పడినవాణ్ని పైకి లాగే పద్ధతి చేతికి పట్టాలి. ఆ తర్వాత లద్దాఖ్‌లో కాంగ్ యాత్సే-2 లాంటి ఆరువేల మీటర్ల కొండ ఒకటైనా ఎక్కి చూడండి. ఎత్తుకు మీ ఒళ్లు ఎలా స్పందిస్తుందో అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: అలిపిరి మెట్లు రెండు గంటల్లో ఎక్కేస్తాను. ఈ తయారీ చాలదా? (కె.వి., తిరుపతి)

మూడున్నరవేల మెట్లు ఆ వేగంతో ఎక్కుతున్నారంటే గుండె, కాళ్లు బాగున్నట్టే. ఇక మూడు పనులు మిగిలాయి. మొదటిది బరువు. వారానికి రెండుసార్లు 10 కిలోల సంచితో మొదలుపెట్టి, నాలుగు నెలల్లో 18 కిలోలకు చేరండి. రెండోది వ్యవధి. అక్కడ శిఖరానికి వెళ్లే రోజు పన్నెండు నుంచి పదహారు గంటలు కాళ్ల మీదే ఉండాలి, అందుకని నెలకోసారి ఏడెనిమిది గంటలపాటు ఆగకుండా కొండ నడక చేయండి. మూడోది దిగడం. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది దిగేటప్పుడే, అలసిన తొడలు పట్టుతప్పినప్పుడు. కాబట్టి మెట్లెక్కి బస్సులో దిగకుండా నడిచే దిగండి. తాడు పని కోసం భువనగిరి కోట రాయి మీద శిక్షణ తీసుకోవచ్చు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా అక్కడే మొదలుపెట్టారు. ఇంత చేసినా ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటం మైదానంలో జరగదు. దానికి ఆ ఎత్తులో గడిపే రోజులే కావాలి.

ప్రశ్న: ఆఫీసులో రెండు వారాల సెలవిస్తారు. సరిపోతుందా? ఏ రోజు ఎక్కడ ఉండాలి? (ఎం.ఎస్., విశాఖపట్నం)

సరిపోదు. ఇంటి నుంచి ఇంటికి 26 రోజులు పెట్టుకోండి. రెండు వారాల్లో ముగించాలని చూసేవాళ్లు చాలావరకు రెండో క్యాంపులోనే తలనొప్పితో, వాంతులతో వెనుదిరుగుతారు.

ఢిల్లీ నుంచి బిష్కెక్, అక్కడి నుంచి ఓష్ విమానంలో. ఓష్ వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒక రోజు అక్కడ ఆగి బజారులో ఎండు ఆప్రికాట్లు, అక్రోట్లు కొనుక్కోండి. మర్నాడు తల్దిక్ కనుమ మీదుగా ఆరేడు గంటల ప్రయాణం చేస్తే అచిక్-తాష్ బేస్ క్యాంపు, 3,600 మీటర్లు. ఒక్క రోజులో 2,600 మీటర్ల ఎత్తు పెరుగుతుంది కాబట్టి అక్కడ మూడు రాత్రులు తప్పనిసరి. పగలు 4,200 దాకా ఎక్కి దిగుతూ ఉండండి.

తర్వాత ట్రావెలర్స్ పాస్ అనే కనుమ దాటి 4,400లో ఉన్న మొదటి క్యాంపు. బరువు గుర్రాల మీద వెళుతుంది, కిలో లెక్కన తీసుకుంటారు. మూడువేలు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని నియమం. ఈ కొండ మీద క్యాంపుల మధ్య ఎత్తు తేడా 800, 900 మీటర్లు. అందుకే ప్రతి క్యాంపులో అదనపు రాత్రి వేసుకోవాలి. మొదటి క్యాంపులో కనీసం మూడు రాత్రులు ఉండి, మధ్యలో ఒక రోజు పక్కనున్న యూఖిన్ శిఖరం వైపు 5,000 దాకా వెళ్లి రండి.

మొదటి క్యాంపు నుంచి రెండో క్యాంపు (5,300) దారి అన్నిటికన్నా ప్రమాదకరం. నెర్రెలు అక్కడే ఉన్నాయి. తెల్లవారుజామున మూడు గంటలకల్లా బయలుదేరాలి. ఎండెక్కితే నెర్రెల మీది మంచు వంతెనలు మెత్తబడి కూలుతాయి. ముగ్గురు నలుగురు ఒకే తాడుకు పది, పన్నెండు మీటర్ల ఎడంతో నడవండి. తాడు చేతిలో చుట్టలు చుట్టి పట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి, అవతలివాడు పడితే ఆ వదులంతా కుదుపై మిమ్మల్నీ లాగేస్తుంది. క్యాంపుకు ముందున్న మంచు గిన్నెను అందరూ ‘పెనం’ అంటారు. గాలి ఆడదు, ఎండ నాలుగు వైపుల నుంచీ కొడుతుంది. ముక్కు లోపల, నోరు తెరిచి ఊపిరి తీసేటప్పుడు అంగిలి కూడా కాలుతుంది. సన్‌స్క్రీన్ ముక్కు అడుగున రాయడం మరవకండి. కళ్లద్దాలు కేటగిరీ-4 (అన్నిటికన్నా నల్లటి రకం) ఉండాలి.

రెండో క్యాంపులో రెండు రాత్రులు, 6,100 మీటర్ల మూడో క్యాంపులో ఒక రాత్రి గడిపి, బేస్ క్యాంపుదాకా దిగిపోండి. ఈ దిగడం దండగ అనిపిస్తుంది, కాదు. 3,600లో రెండు రోజులు కడుపునిండా తిని నిద్రపోతేనే రెండో విడతకు బలం వస్తుంది. అప్పుడు ఒకటి, రెండు, మూడు క్యాంపులు వరసగా, ఆపై శిఖరం. చివర మూడు రోజులు వాతావరణం కోసం ఖాళీగా ఉంచండి. విమానం టిక్కెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. తేదీ దగ్గరపడిందని గాలిలో బయలుదేరినవాళ్ల వేళ్లు పోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇక శిఖరం రోజు. మూడో క్యాంపు రజ్దెల్నయా అనే గుట్ట మీద ఉంటుంది. రాత్రి రెండు, మూడు గంటలకు బయలుదేరితే మొదట దాదాపు వంద మీటర్లు దిగాలి, తర్వాతే ఎక్కుడు. సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వచ్చేటప్పుడు ఆ వంద మీటర్లే మళ్లీ ఎక్కాలి. చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు, సత్తువంతా పైనే ఖర్చు చేసుకుంటారు. 6,400 దగ్గర ‘కత్తి’ అనే నిటారు మంచు వాలు వస్తుంది, కట్టిన తాడు ఉంటుంది, జుమార్ (తాడును పట్టుకుని పైకి మాత్రమే జరిగే పిడి) వాడాలి. దాని తర్వాత విశాలమైన పీఠభూమి. ఒకదాని వెనక ఒకటి శిఖరంలా కనిపించే గుట్టలు. చిన్న లెనిన్ విగ్రహం ఉన్నచోటే అసలు శిఖరం. మబ్బు కమ్మితే ఆ పీఠభూమి మీద అడుగుజాడలు పదినిమిషాల్లో మాయమవుతాయి. పైకి వెళ్లేటప్పుడే జీపీఎస్‌లో దారి నమోదు చేసుకోండి. బ్యాటరీలు చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని రాత్రే గుడారంలో నిర్ణయించుకోండి. పైకి చేరాక ఆ నిర్ణయం తీసుకునేంత తెలివి మిగలదు, అక్కడి వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 40 శాతం మాత్రమే.

ప్రశ్న: గైడ్ ఖర్చు తప్పించుకుని ఒంటరిగా వెళ్లొచ్చా? (పి.ఎన్., నెల్లూరు)

గైడ్ లేకుండా వెళ్లొచ్చు, ఒంటరిగా మాత్రం వద్దు. బేస్ క్యాంపు, మొదటి క్యాంపుల్లో భోజనం, గుడారం, గుర్రాలు, సరిహద్దు ప్రాంత అనుమతి మాత్రం ఏర్పాటు చేసే ప్యాకేజీలు దొరుకుతాయి. తాడు పని తెలిసిన ముగ్గురుంటే అది చాలా ఆదా. నెర్రెలున్న దారిలో ఒంటరివాణ్ని పైకి లాగడానికి ఇంకొకరు ఉండరు. మీ జిల్లా వాడైన మల్లి మస్తాన్‌బాబు ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన దిట్ట. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తుపానులో ప్రాణం కోల్పోయారు. ఆయన శరీరం దొరకడానికే రోజులు పట్టింది. అంతటివాడికే అలా జరిగిందంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కరలేదు.

బీమాలో ‘పర్వతారోహణ, 7,200 మీటర్ల దాకా’ అని రాసి ఉందో లేదో చూడండి. మామూలు ప్రయాణ బీమా పనికిరాదు. పై క్యాంపులకు హెలికాప్టర్ వస్తుందని లెక్కపెట్టుకోవద్దు. అక్కడి నుంచి మనుషులే స్లెడ్జి మీద దించాలి.

ప్రశ్న: బూట్లు అక్కడే అద్దెకు తీసుకోవచ్చా? (టి.డి., హైదరాబాద్)

స్లీపింగ్ బ్యాగు, ఐస్ యాక్స్, హెల్మెట్ అద్దెకు పర్వాలేదు. బూట్లు మాత్రం సొంతవి ఉండాలి. రెండు పొరల డబుల్ బూట్లు కావాలి. సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఒక పల్చని, ఒక మందపాటి సాక్సుతో వేసి చూడండి. వేళ్లు లోపల ఆడాలి. వాలు మీద దిగేటప్పుడు గోళ్లు ముందుకు తగలకూడదు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు. వేళ్లు మొద్దుబారడానికి సగం కారణం బిగుతే. అద్దె దుకాణాల్లో దొరికే పాత ప్లాస్టిక్ బూట్ల గుల్ల ఏళ్లు గడిచి చలిలో పగిలిపోతుంది, పగిలితే దారి మధ్యలో అతికే మార్గం లేదు. క్రాంపాన్లను (బూట్ల అడుగున బిగించే లోహపు పళ్ల చట్రాలు) ఇంట్లోనే ఆ బూట్లకు బిగించి సరిచూసుకోండి. వాటి అడుగున ప్లాస్టిక్ పలకలు ఉండాలి, లేకపోతే మధ్యాహ్నపు తడి మంచు ముద్దలై అంటుకుని పళ్లు పట్టవు.

మందపాటి మిటెన్లు (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే చేతి తొడుగులు) రెండు జతలు తీసుకెళ్లి, మణికట్టుకు తాడు కట్టుకోండి. ఒక మిటెన్ గాలికి ఎగిరిపోతే ఆ చెయ్యి పోయినట్టే. విమానంలో బూట్లు చేతి సామానులో ఉండనివ్వండి. చెక్-ఇన్ సంచి తప్పిపోయినా మిగతావి ఓష్‌లోనో బేస్ క్యాంపులోనో సమకూరతాయి, మీ పాదానికి సరిపోయే బూట్లు సమకూరవు.

ప్రశ్న: అన్నం లేకపోతే ఉండలేను. పైన వండుకోవడం ఎలా? (ఆర్.ఎల్., గుంటూరు)

బేస్ క్యాంపు, మొదటి క్యాంపుల్లో వంటవాళ్లు ఉంటారు. పైన అన్నం ఉడకదు. 6,100 మీటర్ల దగ్గర నీళ్లు 80 డిగ్రీలకే మరుగుతాయి, బియ్యం గంటసేపు ఉంచినా పలుకే. వేడినీళ్లు పోస్తే నానిపోయేవే తీసుకెళ్లండి: పల్చటి అటుకులు, నేతిలో వేయించిన సేమ్యా, పోపు కలిపి వేయించిన ఉప్మారవ్వ. పైన కందిపొడి, నెయ్యి. ఎత్తులో ఆకలి చస్తుంది, తియ్యటివి వెగటు పుడతాయి, కారం పొడి వాసనకు నాలుగు ముద్దలు దిగుతాయి. చిక్కీ చలికి రాయిలా బిగుస్తుంది, పళ్లు జాగ్రత్త. సున్నుండలు ఆ బాధ పెట్టవు. ఊరగాయ సీసాలో వద్దు. నూనె తక్కువగా ఉన్న ముద్ద పచ్చడిని రెండు సంచుల్లో కట్టండి.

రోజుకు మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు తాగాలి, అంతా మంచు కరిగించి తెచ్చుకునేదే. ఇద్దరికి రోజుకు 230 గ్రాముల గ్యాస్ డబ్బా ఒకటి లెక్క వేసుకోండి. పైన మొత్తం ఏడు రాత్రులైతే ఏడు, తుపానుకు మరో రెండు. గ్యాస్ డబ్బాలు విమానంలో రానివ్వరు, అక్కడే కొనాలి. స్టవ్ డబ్బాకు మర తిప్పి బిగించే రకానిది కావాలి. గిన్నె అడుగున కాసిని నీళ్లు ముందు పోసి ఆ తర్వాత మంచు వేయండి, పొడి మంచు వేస్తే గిన్నె మాడుతుంది. గుడారం లోపల వెలిగిస్తే గాలికి దారి తెరిచి ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ప్రశ్న: ఏ మందులు, ఫోన్ ఏది? (బి.ఎస్., కాకినాడ)

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా వాడొద్దు. వేళ్ల చివర్లు జిలజిలమంటాయి, మూత్రం ఎక్కువవుతుంది, రెండూ మామూలే. మెదడు వాపుకు డెక్సామెథసోన్, ఊపిరితిత్తుల్లో నీటికి నిఫెడిపిన్ మీ డాక్టర్ రాసిచ్చిన మోతాదుతో దగ్గర ఉంచుకోండి. అవి కిందికి దిగడానికి సాయపడే మందులు, వేసుకుని పైకి వెళ్లడానికి కాదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించండి. గీత మీద ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి నడవలేకపోతే మెదడు వాచినట్టే. రెండింటికీ అప్పుడే, రాత్రయినా సరే, దిగడమే వైద్యం.

శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే మెసెంజర్ పరికరాలు ఇండియాలో అనుమతి లేకుండా కలిగి ఉండటం నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులైనవారున్నారు. ఇక్కడ కొనకండి, అక్కడికెళ్లాక అద్దెకు తీసుకుని అక్కడే తిరిగివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి ఓష్‌లో ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాడు. స్నేహితులతో బేస్ క్యాంపు చూసొస్తానంటున్నాడు. పంపమంటారా? (ఒక తల్లి, ఖమ్మం)

పంపండమ్మా. ట్రావెలర్స్ పాస్ దాకా అది ట్రెక్కింగ్ దారే. ఓష్ నుంచి ఒక్క రోజులో వెళితే తలనొప్పి తప్పదు కాబట్టి మొదటి రాత్రి దారిలోని సారీ-మోగోల్ ఊళ్లో పడుకోమనండి. మర్నాడు బేస్ క్యాంపు, ఆపై రోజు ఉదయం ఏడింటికి బయలుదేరి పాస్ దాకా వెళ్లి మధ్యాహ్నానికల్లా వెనక్కి. సాయంత్రాలు జులైలోనూ మంచు పడుతుంది, కాబట్టి వాన కోటు, ఉన్ని టోపీ, మందపాటి జాకెట్టు ఉండాలి. పాస్‌పోర్టు, సరిహద్దు ప్రాంత అనుమతి కాగితం దగ్గర పెట్టుకోవాలి, దానికి కొన్ని వారాల ముందే దరఖాస్తు చేయాలి. పాస్ దాటాక కనిపించే తెల్లటి మంచు మీద ఫొటోల కోసమైనా కాలు పెట్టొద్దని మాత్రం మాట తీసుకోండి.